ఆఖరి బస్సు దాటాక వచ్చే గుండెనొప్పి గారికి

మహారాజశ్రీ గుండెనొప్పి గారి సముఖమునకు, గుంటూరు నుంచి పొన్నూరు పోయే దారిలోని ఒక వీధి నివాసి నమస్కరించి వ్రాయు విన్నపము. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తానని వ్రాయడం మర్యాదే గానీ, మీ క్షేమానికీ మా క్షేమానికీ పొత్తు కుదరదు కనుక ఆ వాక్యాన్ని ఖాళీగా వదిలేస్తున్నాను.

ముందుగా ఒక మాట. అసలు గుండెపోటు గారితో నాకు తగాదా లేదు. ఒళ్లంతా చెమటలు పట్టించి, ఎడమ చెయ్యి లాగించి, షుగరు ఉన్నవాళ్లకైతే ఒక్కోసారి నొప్పే తెలియకుండా వచ్చిపడే ఆయన వేరు. నేను వ్రాస్తున్నది శనివారం రాత్రి గుంటూరు వెళ్లే ఆఖరి బస్సు దాటిపోయిన పావుగంటకు మా బాబాయి ఛాతీలో ఉదయించి, గుంటూరు జనరల్ ఆసుపత్రి గేటు కనబడగానే సెలవు తీసుకునే తమకు.

2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైన కొత్తలో తమరింకా అమాయకులు. కడుపునొప్పి అంటే ఎప్పటి నుంచి, ఏం తిన్నారు అని ఆరాలు తీస్తారనీ, ‘ఛాతీలో పట్టేసింది, ఊపిరాడటం లేదు’ అంటే బండి వెంటనే కదులుతుందనీ తమకు నేర్పినవాళ్లం మేమే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రెండు ముక్కలు బాబాయికి మొదట అందించింది నేనే. ఆ రోజు ఆయనకు నిజంగానే ఒంట్లో బాగాలేదు.

ఇప్పుడైతే బండి వచ్చేసరికి బాబాయి అరుగు మీద సిద్ధంగా ఉంటారు. పక్కన సంచి, సంచిలో ఉతికిన లుంగీ, తువ్వాలు, మనవరాలికి జంతికల డబ్బా, కోడలికి గోంగూర పచ్చడి సీసా. నూనె కారకుండా సీసా మూతికి కవరు కట్టి, దాని మీద రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుట్టి ఉంటుంది. ఊపిరాడని మనిషి అన్ని చుట్లు ఎలా చుట్టాడని బండిలో వచ్చిన టెక్నీషియన్ కుర్రాడు అడగడు. వేలికి క్లిప్పు పెడతాడు, ఆక్సిజన్ 98 చూపిస్తుంది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూస్తాడు, అది మా వీధిలో సగం మంది బీపీ కంటే మెరుగ్గా ఉంటుంది. అయినా ఎక్కించుకుంటాడు, ఎందుకంటే వంద అబద్ధాల తర్వాత నూట ఒకటోది నిజమై, ఈసీజీ తీసేలోపే మనిషి చేజారిపోతే సంజాయిషీ చెప్పుకోవలసింది అతనే. నాన్నా పులి కథలో ఊరివాళ్లకు ‘పోవోయ్’ అని ఇంట్లో కూర్చునే వెసులుబాటైనా ఉంది. 108 వాళ్లకు అదీ లేదు, పిలిచిన ప్రతిసారీ పులి ఉందనే పరుగెత్తాలి. వాళ్ల డ్రైవరును పైలట్ అంటారు. మా రోడ్డు గుంతల్లో ఆ బండి గాలిలోకి లేచే తీరు చూసినవారెవరికీ ఆ మాట అతిశయోక్తిగా తోచదు.

మొన్నటి శనివారం మాత్రం తమరు హద్దు దాటారు. తమరు బండిలో పడుకుని గుంటూరు వెళుతున్న వేళకే, మా వీధి మొదట్లో కడుతున్న ఇంట్లో లైట్లు పెట్టుకుని పని ముగిస్తున్న తాపీ మేస్త్రి సర్వీ కర్రల మీంచి జారిపడ్డాడు. దగ్గరి బండి వేరే కేసు మీద వెళ్లింది, ఇంకో బండిని పంపుతున్నాం, మనిషిని కదపకండి అని కాల్ సెంటరులో అమ్మాయి చెబుతూనే ఉంది. కానీ అతను పెడుతున్న కేకలు విని ఆగగలిగినవాళ్లు అక్కడ లేరు. ఆటోలో అడ్డంగా పడుకోబెట్టారు. విరిగిన కాలు బయటికి వేలాడుతుంటే, దాన్ని ఒడిలో పెట్టుకుని ఇద్దరు కుర్రాళ్లు ఫుట్‌బోర్డు మీద కూర్చున్నారు. ఆ వేరే కేసు ఎవరిదో వీధి మొత్తానికీ తెలుసు, ఒక్కరం నోరు మెదపలేదు.

బీపీ, షుగరు చూసి మందులిచ్చే 104 బండి మా ఊళ్లోకే వస్తుంది. దాని దగ్గర తమరు ఎన్నడూ కనబడరు, అది గుంటూరు తీసుకుపోదు కదా. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మా వీధి అత్తలకు, పిన్నులకు శుక్రవారం శుక్రవారం కళ్లు తిరగడం దాదాపు మానేసింది. వైద్యశాస్త్రానికి అందని ఈ వైద్యం ఆర్టీసీ చేసి చూపించింది. తిరుగు ప్రయాణానికి 108 రాదు కనుక ఆదివారం సాయంత్రం బాబాయి కూడా బస్సే ఎక్కుతారు, అరవై దాటినవారికిచ్చే 25 శాతం రాయితీ అడిగి మరీ పుచ్చుకుంటారు. అంటే తమరి బాధ టికెట్టు డబ్బుల గురించి కాదు.

అదేమిటో నాకు తెలుసు. బాబాయి ఫోను చేస్తే గుంటూరులో ఉన్న కొడుకు ఎత్తడు. ఎత్తినా ‘మీటింగులో ఉన్నా నాన్నా’ అంటాడు. అదే ఆసుపత్రి నుంచి కబురు వెళితే పది నిమిషాల్లో క్యాజువాలిటీ గుమ్మంలో ఉంటాడు, స్కూటరు తాళం చేతిలోనే ఉంటుంది. పిన్ని పోయినప్పటి నుంచి ఆ కొడుకును రప్పించగల నంబరు ఆంధ్రదేశంలో ఒక్కటే మిగిలింది, అందులో మూడే అంకెలు.

అయినా మేస్త్రి కాలు తలచుకున్నప్పుడు తమరి మీద జాలి నిలవడం లేదు. కనుక నా మనవి ఏమిటంటే, శనివారాలు ఆఖరి బస్సుకు అరగంట ముందే తమరు దయచేయండి. సంచి నేను మోస్తాను, కిటికీ పక్క సీటు పట్టిస్తాను, కొడుకుకు ఫోను నా నంబరు నుంచి చేసి, ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను.

ఇట్లు,
తమరికి ఆ రెండు ముక్కలు నేర్పిన పాపానికి,
పక్కింటివాడు

తా.క. నిన్న రాత్రి నాకే గుండెల మీద రాయి పెట్టినట్టయింది. గ్యాసే అని తరువాత తేలిందనుకోండి. మా ఆవిడ 108కి ఫోను చేసి ఊరి పేరు, వీధి గుర్తులు చెప్పింది. అవతలి అమ్మాయి మర్యాదగానే ‘పంపిస్తున్నామండీ’ అంది, కానీ అనేముందు ఒక్క క్షణం ఆగిందట. ఆ క్షణాన్ని తమరి ఖాతాలో వ్రాసుకున్నాను.