కయోటీస్ ఊరు మారింది ఆటగాళ్ల పొగరు వల్లేనా?

అరిజోనా కయోటీస్ అనే ఐస్ హాకీ టీమ్ 2024 ఏప్రిల్‌లో ఫీనిక్స్ ప్రాంతం వదిలి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఒక వాదన చేతులు మారుతూనే ఉంది. కోట్లు తీసుకునే ఆటగాళ్లకు కాలేజీ రింక్‌లో (ఐస్ మైదానంలో) ఆడటం నామోషీ అయిందట. యూనియన్‌ను అడ్డం పెట్టుకుని ఉత్తర అమెరికా హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మెడలు వంచారట. ఎలాగూ ఎడారిలో హాకీ చూసేవాళ్లు లేరట, ఆ ఊరి మీద ఆటగాళ్లకు మమకారమూ లేదట, అందుకే టీమ్ పోయిందట. ఫీనిక్స్ పక్కనే చాండ్లర్, టెంపే వైపు ఉండే మనవాళ్లు కొందరు హాకీ చూడకపోయినా ఈ మాట మాత్రం నమ్మేశారు.

డబ్బున్న కుర్రాళ్లను తిట్టడం ఎవరికైనా సులువే. కానీ జరిగినవాటిని తేదీల వారీగా పేర్చి చూస్తే ఈ వాదనలో ఒక్క ముక్క కూడా గట్టిగా నిలబడదు. ఆటగాళ్లలో అసంతృప్తి ఉన్న మాట నిజం. అయితే అది టీమ్ పతనానికి ఫలితంగా వచ్చింది, దాన్నే కారణంగా చూపిస్తున్నారు.

మొదటి ఆరోపణ, చిన్న రింక్‌లో ఆడం అని మొండికేశారన్నది. అసలు చిన్న రింక్‌కు ఎందుకు రావాల్సి వచ్చింది? అంతకుముందు టీమ్ ఫీనిక్స్ పక్కనున్న గ్లెండేల్‌లోని పెద్ద అరేనాలో ఆడేది. 2021 ఆగస్టులో గ్లెండేల్ నగరం, రాబోయే సీజన్ అయిపోయాక ఒప్పందం పొడిగించేది లేదని తేల్చేసింది. అదే డిసెంబర్‌లో పన్నుల బకాయిలు దాదాపు 13 లక్షల డాలర్లు కట్టకపోతే అరేనాలోకి రానివ్వమని నోటీసు వెళ్లింది. తర్వాత బకాయి కట్టేశారు, అది వేరే సంగతి. ఆ బిల్లు ఓనర్ కట్టాల్సింది. గోల్ కీపర్ జేబులోంచి కట్టేది కాదు కదా!

అలా నిలువ నీడ లేక టీమ్ అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ల కొత్త రింక్, ములెట్ అరేనాలోకి చేరింది. ఏఎస్‌యూలో చదివే మన పిల్లలకు ఆ భవనం తెలిసే ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లకు అందులో దాదాపు 4,600 సీట్లు. మిగతా టీమ్‌ల అరేనాల్లో చాలావాటికి 16 వేల నుంచి 20 వేల దాకా ఉంటాయి. 2022 అక్టోబర్ 28న విన్నిపెగ్ జెట్స్‌తో అక్కడ మొదటి మ్యాచ్ జరిగేనాటికి డ్రెస్సింగ్ రూమ్‌ల కోసం కడుతున్న అదనపు భవనమే పూర్తి కాలేదు. బయటి నుంచి వచ్చిన టీమ్‌కు తాత్కాలిక ఏర్పాట్లతో సర్దారు. ఆ పని పూర్తయ్యేదాకా కయోటీస్‌ను వరసగా 14 మ్యాచ్‌లు బయటి ఊళ్లలోనే ఆడించారు. నెలకు పైగా విమానాలు, హోటళ్లు, సూట్‌కేసులు. సొంత ఊళ్లో ఒక్క మ్యాచ్ లేదు. అయినా ఎవరూ మానేయలేదు, ఎవరూ సమ్మె చేయలేదు. మొండికేయడం అంటే ఇదేనా?

ఒక ఆటగాడి పేరు మాత్రం పదే పదే ఉదాహరణగా చూపిస్తారు. డిఫెన్స్‌లో ఆడే జాకబ్ చిక్రన్ ట్రేడ్ (వేరే టీమ్‌కు మార్పిడి) అడిగాడు, 2023 మార్చిలో ఒటావా టీమ్‌కు వెళ్లాడు. నిజమే. కానీ ములెట్‌లో మొదటి మ్యాచ్ జరగక ముందే అతని కోరిక బయటికి వచ్చేసింది. గెలిచే అవకాశం ఉన్న టీమ్‌లో ఆడాలని ఉంది అన్నాడు. అప్పుడు కయోటీస్ యాజమాన్యమే అనుభవం ఉన్నవాళ్లను ఇచ్చేసి డ్రాఫ్ట్ (కొత్త కుర్రాళ్లను టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే పద్ధతి) అవకాశాలు పోగేసుకుంటోంది. అంటే వచ్చే కొన్నేళ్లు గెలవాలన్న ఆలోచన యాజమాన్యానికే లేదు. అలాంటి చోట పాతికేళ్లు నిండని కుర్రాడు బయటికి వెళ్తాననడం పొగరా? ఇంకోవైపు లోగన్ కూలీని ఎవరూ గుర్తు చేయరు. 2022 డ్రాఫ్ట్‌లో మూడో స్థానంలో ఎంపికైన ఈ కుర్రాడు 2023 జులైలో మిన్నెసోటా యూనివర్సిటీ వదిలి కయోటీస్‌తో సంతకం చేశాడు. టెంపేలో కొత్త అరేనా ఆశ కూడా అడుగంటాక (ఆ సంగతి తర్వాత చెప్తాను), ఆ 4,600 సీట్ల రింక్‌లోకే వచ్చాడు.

ఇక యూనియన్ సంగతి. అప్పట్లో ఆటగాళ్ల సంఘం ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్‌గా ఉన్న మార్టీ వాల్ష్ అంతకుముందు బోస్టన్ మేయర్‌గా, అమెరికా కార్మిక మంత్రిగా చేసిన మనిషి. 2024 ఫిబ్రవరిలో టొరంటోలో ఆల్ స్టార్ వేడుకలప్పుడు, అరిజోనాకు శాశ్వత అరేనా ప్రణాళిక ఎక్కడ అని బాహాటంగానే అసహనం చూపించాడు. దీన్ని పట్టుకుని యూనియనే టీమ్‌ను తరిమేసింది అనేస్తున్నారు.

అసహనం ఎందుకో అర్థం కావాలంటే లీగ్‌లో డబ్బు లెక్క తెలియాలి. 2012-13 లాకౌట్ (ఓనర్లు ఆట ఆపేసిన గొడవ) ముగిసినప్పటి నుంచి హాకీ ద్వారా వచ్చే ఆదాయంలో ఆటగాళ్లందరికీ కలిపి సగం వాటా. ఒక టీమ్ 4,600 టికెట్లతో సరిపెట్టుకుంటే ఆ ఉమ్మడి కుండలో పడేది తగ్గుతుంది. ఆ తగ్గుదల బోస్టన్‌లో ఆడేవాడికీ, కాల్గరీలో ఆడేవాడికీ తగులుతుంది. కాబట్టి ఎన్నాళ్లిలా అని యూనియన్ అడగడం మామూలు విషయం. ఏ ఫ్యాక్టరీ యూనియన్ అయినా అదే అడుగుతుంది. అడగడం వరకే వాళ్ల పని. టీమ్ ఊరు మారాలా వద్దా అని ఓటేసేది లీగ్ గవర్నర్ల బోర్డు, అంటే ఓనర్లు. ఆటగాళ్లకు అందులో ఒక్క ఓటు లేదు. సాల్ట్ లేక్ వ్యాపారి రయాన్ స్మిత్ మొత్తం 120 కోట్ల డాలర్లు పెట్టాడు. అందులో 100 కోట్లు పాత ఓనర్ అలెక్స్ మెరుయెలోకు, 20 కోట్లు ఊరు మార్పు ఫీజుగా లీగ్‌కు వెళ్లాయి. ఆ ఫీజు ఆటగాళ్ల సగం వాటా లెక్కలోకి రాదు. మెడలు వంచినవాళ్లకు దక్కింది ఏమిటో చెప్పగలరా?

ఆటగాళ్ల మాటకు ఊరు మార్చేంత బలం ఉందనుకునేవాళ్లు 2009 ఒకసారి గుర్తు చేసుకోవాలి. అప్పటి ఓనర్ జెర్రీ మోయెస్ టీమ్‌ను దివాలా కోర్టులో పెట్టాడు. బ్లాక్‌బెర్రీ కంపెనీ అధినేతల్లో ఒకడైన జిమ్ బాల్సిలీ 21.25 కోట్ల డాలర్లకు కొని కెనడాలోని హామిల్టన్‌కు తీసుకెళ్తానన్నాడు. లీగ్ కోర్టులో పోరాడి ఆపింది, చివరికి 14 కోట్లకు తానే టీమ్‌ను కొనేసింది. అప్పుడు కోచ్ ఎవరో తెలుసా? వేన్ గ్రెట్జ్‌కీ. మనకు క్రికెట్‌లో సచిన్ ఎలాగో హాకీ ప్రపంచానికి ఆయన అలాగ. పైగా టీమ్‌లో కొంత వాటాదారు కూడా. అంతటి మనిషి కూడా ఆ గొడవలో ఏమీ చేయలేక 2009 సెప్టెంబర్‌లో కోచ్ పదవి వదిలేశాడు. గ్రెట్జ్‌కీ వల్ల కానిది నాలుగో లైన్‌లో, అంటే అందరికన్నా తక్కువసేపు ఐస్ మీదుండే వరసలో, ఆడే కుర్రాడి ముఖం ముడుచుకుంటే అవుతుందా?

"ఎడారిలో హాకీ ఎవడు చూస్తాడు?" ఇదే అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది. నాకు అన్నిటికన్నా చిరాకు తెప్పించేదీ ఇదే.

విన్నిపెగ్ నుంచి ఈ టీమ్ 1996లో ఫీనిక్స్ వచ్చింది. మొదట డౌన్‌టౌన్‌లో బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అరేనాలో పెట్టారు. హాకీ రింక్ బాస్కెట్‌బాల్ కోర్టు కన్నా చాలా పొడుగు. దాంతో ఒక చివర పై అంతస్తు గ్యాలరీ ఐస్ మీదకు వేలాడినట్టు ఉండి, అక్కడ కూర్చున్నవాళ్లకు తమ కిందున్న గోల్ కనిపించేదే కాదు. టికెట్ కొని గోల్ పడిందో లేదో అవతలివాళ్ల కేకలను బట్టి తెలుసుకోవాలి! 2003 చివర్లో గ్లెండేల్‌లో హాకీ కోసమే కట్టిన అరేనాకు మారారు. ఈసారి గోల్ కనిపించింది, దూరం పెరిగింది. గ్లెండేల్ ఫీనిక్స్‌కు పడమర. సీజన్ టికెట్ కొనగలిగే కుటుంబాలు ఎక్కువగా ఉండేది తూర్పున స్కాట్స్‌డేల్, టెంపే, చాండ్లర్ వైపు. మామూలు రోజున ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్ని ఎక్కించుకుని, రద్దీలో ఊరంతా దాటి ఏడు గంటల మ్యాచ్‌కు చేరాలంటే ఎంత పట్టుదల కావాలో అక్కడ కారు నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు.

దానికి తోడు టీమ్ వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియదు. 2009 నుంచి 2013 దాకా ఓనర్ లేక లీగే నడిపింది. 2013లో కొత్త ఓనర్లు వచ్చాక గ్లెండేల్ కౌన్సిల్ 15 ఏళ్లకు 22.5 కోట్ల డాలర్ల నిర్వహణ ఒప్పందాన్ని 4-3 ఓట్లతో ఒప్పుకుంది. రెండేళ్లు తిరక్కుండానే, 2015 జూన్‌లో అదే కౌన్సిల్ దాన్ని రద్దు చేయడానికి ఓటేసింది. ఇలా ఏటా పెట్టే బేడా సర్దుకుంటున్న టీమ్‌కు సీజన్ టికెట్ ఎవరు కొంటారు?

అయినా ఆట బాగున్నప్పుడు జనం వచ్చారు. 2012లో, లీగ్ చేతిలో అనాథలా ఉన్నప్పుడే, ఈ టీమ్ తన డివిజన్ గెలిచింది, ప్లేఆఫ్స్‌లో చికాగోను, నాష్‌విల్‌ను ఓడించి కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్ సెమీఫైనల్ లాంటిది) దాకా వెళ్లింది. అక్కడ ఓడించిన లాస్ ఏంజెలెస్ కింగ్స్ ఆ ఏడాది కప్పే గెలిచారు. ఇక ఆ ఎడారిలో పెరిగిన పిల్లల సంగతి. స్కాట్స్‌డేల్‌లో పెరిగిన ఆస్టన్ మాథ్యూస్ 2016 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక. ఫీనిక్స్ కుర్రాడు మాథ్యూ నైస్ కూడా అతనితోపాటు టొరంటోకే ఆడాడు. కయోటీస్ కెప్టెన్ షేన్ డోన్ కొడుకు జాష్ డోన్ స్కాట్స్‌డేల్‌లో పుట్టి, 2024 మార్చిలో తండ్రి ఆడిన టీమ్‌కే మొదటి మ్యాచ్ ఆడి అందులోనే రెండు గోల్స్ కొట్టాడు. ఆట మీద ఇష్టమే లేని ఊళ్లో ఇంత మంది ఎలా తయారయ్యారు? ములెట్ నిండింది చిన్నది కాబట్టే కదా అంటారు. ఆ మాట ఒప్పుకుంటాను, 4,600 సీట్లు నిండటం ఏ రుజువూ కాదు. కానీ మంచి చోట, నమ్మకంగా నిలిచే ఓనర్‌తో పెద్ద అరేనా పెట్టి చూసిందెప్పుడు?

పెట్టే అవకాశం ఒకటి వచ్చింది. టెంపేలో చెత్త డంపింగ్ యార్డుగా వాడిన 46 ఎకరాల్లో 210 కోట్ల డాలర్లతో అరేనా, ఇళ్లు, దుకాణాలు కడతామన్నారు. 2023 మే 16న ప్రజలు మూడు ప్రతిపాదనల మీద ఓటేసి మూడింటినీ తిప్పికొట్టారు. పన్ను రాయితీల మీద అభ్యంతరాలున్నాయి, ఓనర్ గతం మీద అనుమానాలున్నాయి. విమానాల దారిలో ఇళ్లేమిటని ఫీనిక్స్ నగరం టెంపే మీద కోర్టుకే వెళ్లింది. టెంపే ఓటర్లను నేను తప్పు పట్టను. వాళ్ల ఊరు, వాళ్ల పన్ను. కానీ టీమ్ భవిష్యత్తు ఆ రాత్రి దాదాపు తేలిపోయింది. ఆ బ్యాలెట్ మీద ఆటగాళ్ల పొగరు అనే అంశం లేదు.

మమకారం లేదన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు, షేన్ డోన్ చాలు. 1995లో విన్నిపెగ్ తీసుకున్న కుర్రాడు, టీమ్‌తోపాటు ఫీనిక్స్ వచ్చి 2017 దాకా ఇంకెక్కడికీ పోలేదు. మొత్తం 1,540 మ్యాచ్‌లు. 2012 వేసవిలో కాంట్రాక్ట్ అయిపోయి, ఎవరితోనైనా సంతకం చేయగలిగే స్వేచ్ఛ ఉన్నప్పుడు కూడా టీమ్‌కు ఓనర్ దొరుకుతాడేమోనని నెలల తరబడి ఎదురుచూశాడు. ఓనర్ దొరకలేదు. సెప్టెంబర్‌లో నాలుగేళ్లకు మళ్లీ అక్కడే సంతకం చేశాడు.

2024 ఏప్రిల్ 17న చివరి మ్యాచ్. టీమ్ పోతోందని అప్పటికే అందరికీ తెలుసు, గవర్నర్ల ఓటు మర్నాడే. ఆ సీజన్ మధ్యలో ఇదే టీమ్ వరసగా 14 మ్యాచ్‌లు ఓడింది, ఆ మాట దాచక్కర్లేదు. మనసు లేనివాళ్లయితే ఆ రాత్రి ఎలాగోలా ముగించి బ్యాగులు సర్దుకునేవాళ్లు. ప్లేఆఫ్స్‌కు వెళ్తున్న ఎడ్మంటన్‌ను 5-2తో ఓడించారు. తర్వాత ఐస్ మీదే ఉండిపోయి అభిమానులకు స్టిక్‌లు ఇచ్చారు.

సాల్ట్ లేక్‌లో ఆటగాళ్లు నవ్వుతూ దిగారు కాబట్టి వాళ్లు కోరుకున్నదే జరిగింది అంటున్నారు. స్వాగతం చెప్పడానికి వేలమంది వస్తే నవ్వక ఏడుస్తారా? కాంట్రాక్ట్ ఆటగాడికీ క్లబ్బుకూ మధ్య ఉంటుంది, ఊరితో ఉండదు. క్లబ్ ఎటు పోతే అటు పోవాలి. ఇళ్లు కొనుక్కున్నవాళ్లు, పిల్లల్ని బడిలో వేసినవాళ్లు అందరూ మూటలు కట్టుకున్నారు. పోనీ అక్కడైనా రాజభోగమా అంటే, సాల్ట్ లేక్‌లోని అరేనా డెల్టా సెంటర్ కూడా బాస్కెట్‌బాల్ కోసం కట్టిందే. మొదటి సీజన్‌లో రింక్ పూర్తిగా కనిపించే సీట్లు 11,131 మాత్రమే. మెరుయెలోకు అరిజోనాలో టీమ్‌ను మళ్లీ బతికించుకునే హక్కు అయిదేళ్లకు మిగిల్చారు. ఉత్తర ఫీనిక్స్‌లో కొందామనుకున్న ప్రభుత్వ భూమి వేలాన్ని రాష్ట్రం 2024 జూన్‌లో రద్దు చేయగానే ఆయన ఆ హక్కు కూడా వదిలేసుకున్నాడు. అప్పటికి ఆటగాళ్లు ఊళ్లోనే లేరు.

జాష్ డోన్ కూడా మిగతావాళ్లతోపాటు యూటా వెళ్లాడు. ఏడాది తిరిగాక, 2025 జూన్‌లో, క్లబ్ అతన్ని బఫెలోకు ట్రేడ్ చేసింది.