ఇంటి బెంగ పడ్డ పిల్లలకు తోడు కావాలా, ఒంటరితనం అలవాటు కావాలా?

గురుకులాల్లో, నవోదయ విద్యాలయాల్లో ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో చేరిన పిల్లలు తొలి వారాల్లో ఇంటిమీద బెంగపెట్టుకుంటారు. బెంగ తగ్గేదాకా వాళ్లను ఇంటివారితో మాట్లాడనివ్వకూడదంటారు ఒక గురుకుల ఉపాధ్యాయుడు. ఆ పద్ధతి తప్పంటారు పిల్లల మానసిక వైద్యురాలు.

ఉపాధ్యాయుడు: అప్పటిదాకా ఆటలో మునిగి ఉన్న పిల్లవాడు ఫోనులో అమ్మ గొంతు వినగానే వెక్కివెక్కి ఏడుస్తాడు, డాక్టరమ్మా. ఆ ఏడుపు భరించలేక తండ్రి మర్నాడే బస్సెక్కి వచ్చి, పెట్టె సర్దించి తీసుకుపోతాడు. భయం వేసినప్పుడల్లా తప్పించుకుంటూ పోతే ఆ భయం ఇంకా ముదురుతుందని మీ శాస్త్రమే చెబుతోంది కదా?

వైద్యురాలు: చెబుతోంది మాస్టారూ, దాన్ని నేను కాదనను. కానీ తప్పించుకోవడమూ తోడు దొరకడమూ ఒకటి కావు. కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే మూడేళ్లయినా నిండని పిల్లవాడి భయాన్ని ఎలా పోగొట్టారో 1924లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ ప్రచురించారు. కుందేలును వాడి కంటికి కనపడకుండా దాచలేదు, వాణ్ణి దానితో ఒంటరిగా వదిలేయనూ లేదు. కుందేలంటే ఏమాత్రం భయం లేని ముగ్గురు పిల్లలను వాడితో కలిపి ఆడించారు. ఆ తరువాత వాడికి ఇష్టమైనవి తినిపిస్తూ, దాన్ని కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చారు. చివరికి పీటర్ దాన్ని నిమరగలిగాడు.

ఉపాధ్యాయుడు: ఇంటినుంచి ఫోను రాకపోతే మా పిల్లలు కూడా వారం పదిరోజుల్లో వాళ్లంతట వాళ్లే ఊరుకుంటారు.

వైద్యురాలు: ఊరుకున్నంత మాత్రాన కుదుటపడ్డారని ఎలా అనుకుంటాం? అమ్మానాన్నలు వస్తే పిల్లలు ఏడుస్తారన్న కారణంతోనే ఒకప్పుడు బ్రిటన్ ఆసుపత్రులు వాళ్ల రాకపోకలను కట్టడి చేసేవి. ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల పాపను అక్కడి పరిశోధకుడు జేమ్స్ రాబర్ట్‌సన్ రోజూ చిత్రీకరించి 1952లో చూపించారు. సిబ్బంది కంటికి బుద్ధిగా ఉన్నట్టు కనిపించిన ఆ పాప లోలోపల కుంగిపోతోందని అందులో తేటతెల్లమైంది. 1959లో ఆసుపత్రుల్లో పిల్లల సంక్షేమంపై బ్రిటన్ ప్రభుత్వ కమిటీ ఇచ్చిన ప్లాట్ నివేదిక తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని సిఫారసు చేసింది. బయటికి ఏడ్చే పిల్లవాడికన్నా ఎవరితోనూ మాట్లాడకుండా మూల కూర్చునే పిల్లవాణ్ణి చూస్తేనే నాకు ఎక్కువ ఆందోళన.

ఉపాధ్యాయుడు: రెండేళ్ల పసిబిడ్డకూ పదేళ్ల పిల్లవాడికీ ఒకే సూత్రం వర్తిస్తుందా?

వైద్యురాలు: అచ్చంగా వర్తించదు, నిజమే. పదేళ్లవాడికి గడువు తెలుస్తుంది. ఆదివారం సాయంత్రం అమ్మ తప్పక మాట్లాడుతుందన్న నమ్మకముంటే వారమంతా ఓర్చుకోగలడు. అందుకే అడిగినప్పుడల్లా కాదు, ముందే చెప్పిన వేళకు ఫోను ఇవ్వమంటున్నాను.

ఉపాధ్యాయుడు: ఆ వేళకు తల్లే ఏడిస్తే?

వైద్యురాలు: చేర్చుకునే రోజునే తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడాల్సింది అందుకే. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎలి లెబోవిట్జ్ బృందం, పిల్లల్లో ఆందోళన తగ్గించడానికి పిల్లలకు బదులు తల్లిదండ్రులతోనే పనిచేసే చికిత్సను రూపొందించింది. 124 మంది పిల్లల విషయంలో దాన్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. నేరుగా పిల్లలకు ఇచ్చే చికిత్సకు అది తీసిపోలేదని తేలింది. అక్కడ తల్లిదండ్రులు నేర్చుకునేది, బిడ్డ భయాన్ని కొట్టిపారేయకుండా, అలాగని దానికి లొంగిపోకుండా ఉండటం. ‘నీకు కష్టంగా ఉందని నాకు తెలుసు, అయినా నువ్వు తట్టుకోగలవు’ అనే మాట తల్లి నోట వస్తే దాని బలమే వేరు.

ఉపాధ్యాయుడు: మా హాస్టల్లో తోడుకేం కొదవ? బెంగపడ్డ ఇద్దరిని పక్కపక్కన పడుకోబెడితే తెల్లవార్లూ ఇద్దరూ ఏడుస్తారు.

వైద్యురాలు: అలా జరుగుతుంది. బాధనే పదేపదే తవ్వుకునే స్నేహం దిగులును పెంచగలదు. కాబట్టి నిరుడు ఇదే బెంగపడి తేరుకున్న పైతరగతి పిల్లవాణ్ణి, వీలైతే ఆ ఊరివైపు వాణ్ణే, జతచేయండి. భోజనాల దగ్గర వడ్డనో, సాయంత్రం మొక్కలకు నీళ్లో, ఇద్దరికీ కలిపి ఒక పని అప్పగించండి.

ఉపాధ్యాయుడు: హాలు నిండా పిల్లలున్నచోట ఒక్క వార్డెన్ ఇవన్నీ ఎలా చూస్తాడన్న నా ప్రశ్న తీరలేదు. అయినా ఫోను నిషేధాన్ని ఇక సమర్థించను. ఇంటికి తీసుకుపోవడానికి మాత్రం తొందరగా ఒప్పుకోను.

వైద్యురాలు: ఒప్పుకోవద్దు. కానీ వారాలు గడిచినా తిండీ నిద్రా లేకపోయినా, చచ్చిపోవాలనుందని ఒక్కసారి అన్నా, గడువు చూడకుండా వైద్యుల దగ్గరికి తీసుకురండి. రాత్రివేళ ఎవరూ అందుబాటులో లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.