కబ్జాదారు సముద్రమే!

విశాఖ తీరాన్ని కాపాడాలనే వాళ్లంతా హోటళ్లను, లేఅవుట్లను, రిసార్టులను తిట్టిపోస్తారు. అసలు కబ్జాదారును మాత్రం ఎవరూ వేలెత్తి చూపరు. ఆ కబ్జాదారు సముద్రం. పట్టా లేదు, సర్వే నంబరు లేదు, ప్లాన్ అప్రూవల్ అసలే లేదు. అయినా ఆర్కే బీచ్‌లో ఇసుకను కోసుకుంటూ, కట్టిన గోడలు కూల్చుకుంటూ రోడ్డు మీదికి వస్తోంది.

మనం మర్యాదగానే చెప్పి చూశాం. 1991లోనే సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు పెట్టి, పల్లెల వైపు సముద్రపు పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు వద్దనుకున్నాం. 2019లో జనం ఒత్తుగా ఉన్న పల్లెలకు దాన్ని 50 మీటర్లు చేశాం. మనం 150 మీటర్లు ముందుకు జరిగితే అది ఒక్క మీటరైనా వెనక్కి జరగాలా, వద్దా?

శాస్త్రవేత్తలు వేరే కథ చెబుతారు. ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకొస్తాయట. దారిలో పోర్టు కోసం మనం సముద్రంలోకి గోడలు కట్టాం. ఇసుక అక్కడే ఆగింది, అవతల బీచ్‌కు రావలసిన వాటా రాలేదు. అందుకని ఆగిన ఇసుకను డ్రెడ్జర్‌తో తోడి బీచ్‌లో పోస్తున్నాం. కెరటాలు పట్టుకుపోతాయి. మళ్లీ పోస్తాం. కెరటాలు ఊరికే చేసిపెట్టే పనిని డీజిల్ పోసి చేయిస్తున్నామంటే మనం ఎంత ఎదిగినట్టు!

2024 ఫిబ్రవరి 25న అదే బీచ్‌లో తేలియాడే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని చివరి భాగం విడిపోయి కనిపించింది. గిట్టనివాళ్లు తెగిందన్నారు. మేమే విడదీశాం, అది మాక్ డ్రిల్ అని అధికారులు తేల్చేశారు. ఈ జవాబు నాకు తెగ నచ్చింది. రేపు బీచ్ మొత్తం పోయినా పనికొస్తుంది.

ఋషికొండలో ఇంకా ముందుచూపు. కొండను తొలిచి భవంతులు కట్టారు, తొలిచిన చోట పచ్చటి మ్యాట్ కప్పారు. దూరం నుంచి చూస్తే పచ్చదనమే, దగ్గరికెళ్లి చూడమని ఎవరన్నారు? కింద బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అంటే శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. 2025లో చెత్త, కుక్కలు, పనిచేయని సీసీ కెమెరాల గొడవతో అది కొన్నాళ్లు పోయింది. కుక్కల మీద కప్పడానికి మ్యాట్ మిగల్లేదు కాబోలు.

సముద్రం తల్చుకుంటే వెనక్కి తగ్గగలదు, దానికి సాక్ష్యం భీమిలి దారిలోనే ఉంది. వేల ఏళ్ల కిందట అది బుద్ధిగా వెనక్కి వెళ్లినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి పోగేసింది. అవే ఎర్రమట్టి దిబ్బలు. 2014లో భూవారసత్వ స్థలమన్నారు. 2024లో హౌసింగ్ సొసైటీ స్థలమంటూ యంత్రాలు దిగి చదును మొదలుపెడితే గోలైంది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకెక్కాయి. ఆ చదునును ఆపించిన వాళ్లది తొందరపాటని నా అభిప్రాయం. రేపు యునెస్కో వాళ్లు వస్తారు. అంతా ఎగుడుదిగుడు, వాగులు కోసిన గోతులు. కార్లు ఎక్కడ పెట్టుకుంటారు? సగం దిబ్బలు చదును చేసి పార్కింగ్ వేస్తే మిగతా సగం హాయిగా చూసుకోవచ్చు. టికెట్ కౌంటరుకూ చోటు దొరుకుతుంది.