చెకుముకి తుపాకీ దగ్గర తేలిపోయే సబ్‌స్టిట్యూట్లు

ముందుగా ఒక మాట. బ్లాక్ పౌడర్‌ని మక్కికి మక్కి తెలుగులోకి దించి నల్లమందు అన్నామంటే కథ వేరే దారిలో పోతుంది, మనకి నల్లమందు అంటే పోలీసులు పట్టుకునే సరుకు. అందుకే ఇక్కడ బ్లాక్ పౌడర్ అనే రాస్తున్నాను. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఆ పాత తుపాకీమందే ఇది. మూతిలోంచి మందు పోసి, గుండు దిగ్గొట్టి కాల్చే పాతకాలపు తుపాకీల్లో దీని బదులు వాడుకోమని పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్, బ్లాక్‌హార్న్ 209 లాంటివి సబ్‌స్టిట్యూట్ల పేరుతో డబ్బాల్లో అమ్ముతున్నారు. వీటిలో ఏది మంచిది అని అందరూ అడుగుతారు. నాకైతే ఆ ప్రశ్నే తిరగబడి ఉందనిపిస్తుంది. మీ తుపాకీలో నిప్పు ఎలా పుడుతుందో ముందు చూసుకోవాలి, మందు సంగతి తర్వాత.

చెకుముకి తుపాకీనే తీసుకోండి, అదే ఫ్లింట్‌లాక్. ట్రిగ్గర్ నొక్కగానే రాయి ముందుకు దూకి ఉక్కు మూతని గీరుకుంటూ దిగుతుంది, మూత తెరుచుకుని రవ్వలు కింద ఉన్న చిన్న పళ్లెంలో రాలతాయి, అక్కడి చిటికెడు సన్నటి మందు భగ్గుమంటుంది, ఆ మంట గొట్టం పక్కనున్న బెజ్జంలోంచి దూరి లోపలి మందుని అంటిస్తుంది. రెప్పపాటులో అయిపోవాలి ఇదంతా. బ్లాక్ పౌడర్ గొప్పతనమల్లా ఇక్కడే ఉంది, చిన్న రవ్వ తగిలితే చాలు అంటుకుంటుంది. సబ్‌స్టిట్యూట్లకి అంతకన్నా బాగా ఎక్కువ వేడి కావాలి. పళ్లెంలో పైరోడెక్స్ పోసి కొడితే రవ్వలు పడతాయి, ఆరిపోతాయి, మీరు మళ్లీ కొడతారు. సరే, పళ్లెంలో అసలు మందు పోసి గొట్టంలో మాత్రం సబ్‌స్టిట్యూట్ పోస్తే? చెంప పక్కన భుస్సుమని మంట లేస్తుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు, పేలిందా తుస్సుమందా అని మీరు ఆలోచించే లోపే ఢాం అంటుంది. ఒక్కోసారి అదీ ఉండదు. గురి ఎటూ పోతుంది, అది చిన్న నష్టం. అసలు టెన్షన్ ఏమిటంటే, పేలలేదు కదా అని తుపాకీ దించి పక్కకి తిప్పేవాళ్లుంటారు. పేలకపోతే కనీసం ఒక నిమిషమైనా మూతి లక్ష్యం వైపే ఉంచి కదలకుండా నిలబడాలి, ఇందులో బేరం లేదు.

దీనికి కొందరు ఓ ఉపాయం చెప్తారు. గొట్టం అడుగున కాస్త అసలు బ్లాక్ పౌడర్ వేసి, దాని పైన సబ్‌స్టిట్యూట్ పోయడం. మంట అందుకుంటుంది, కాదనను. కానీ అసలు మందు డబ్బా చేతిలో ఉన్నప్పుడు మిగతాది కూడా అదే పోసుకోవచ్చుగా?

మరి ఇవి ఎందుకు పుట్టాయి? బాగా పేలడానికి కాదు, సులువుగా అమ్ముకోవడానికి. అమెరికాలో బ్లాక్ పౌడర్ చట్టం దృష్టిలో పేలుడు పదార్థం. పాతకాలపు తుపాకీల్లో ఆటకీ సరదాకీ వాడుకునేవాళ్లకి 50 పౌండ్ల దాకా ఫెడరల్ మినహాయింపు ఉంది గానీ, అమ్మే దుకాణానికి లైసెన్సు, నిల్వ నిబంధనలు అన్నీ తలనొప్పే. సబ్‌స్టిట్యూట్లకి ఆ బెడద చాలా తక్కువ, మామూలు అరలో పెట్టి అమ్మొచ్చు. 1970ల్లో పైరోడెక్స్ తయారుచేసిన డాన్ పావ్లక్ 1977లో వాషింగ్టన్ రాష్ట్రంలోని తన ప్లాంట్‌లోనే జరిగిన ప్రమాదంలో చనిపోయాడు. దాన్ని మార్కెట్లో నిలబెట్టింది హాడ్జ్‌డన్ కంపెనీ. బ్లాక్ పౌడర్ బ్రాండ్ గోఎక్స్ కూడా తర్వాత అదే కంపెనీ చేతికొచ్చింది, 2021లో ఆ ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటించేసరికి సబ్‌స్టిట్యూట్ ముట్టనని ఒట్టేసుకున్నవాళ్లు కూడా కంగారు పడ్డారు. 2022లో బొమ్మ రాకెట్లు తయారుచేసే ఎస్టెస్ కంపెనీ దాన్ని కొనడంతో ఊపిరి పీల్చుకున్నారు. అంటే, అసలు మందు దొరకనప్పుడు వాడుకునే సరుకు సబ్‌స్టిట్యూట్. ఆ మాట డబ్బా మీద రాయరు.

క్యాప్, అంటే దెబ్బ తగిలితే పేలే చిన్న లోహపు టోపీ, పెట్టి కాల్చే తుపాకీల సంగతి వేరు. సుత్తి పడగానే క్యాప్ ఇచ్చే మంటకి పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ సాధారణంగా అంటుకుంటాయి, దారి శుభ్రంగా ఉంటే. బ్లాక్‌హార్న్ పేరులో 209 ఊరికే లేదు, అది షాట్‌గన్ తూటాల్లో వాడే ఒక ప్రైమర్ (మందుని అంటించే బిళ్ల) నంబరు, ఆ ప్రైమర్ ఇచ్చే గట్టి మంట ఉంటేనే అది అంటుకుంటుంది. సంప్రదాయ తుపాకీకి అది పనికిరాదు. బిళ్లలుగా వచ్చే పైరోడెక్స్ అయితే ఇంకో సరదా, ఆ బిళ్ల ఒక చివర అంటుకోవడానికని బ్లాక్ పౌడరే పూస్తారు!

కొలత దగ్గర చాలామంది బోల్తా పడతారు. పైరోడెక్స్‌ని తూచకూడదు, బ్లాక్ పౌడర్ కొలిచే గొట్టంతోనే కొలవాలి. ఆ గొట్టం మీద 100 గ్రెయిన్ల (తుపాకీమందుని లెక్కపెట్టే చిన్న బరువు కొలత) గీత దాకా నింపిన పైరోడెక్స్ ఆర్‌ఎస్ రకాన్ని త్రాసులో పెడితే దాదాపు 70 గ్రెయిన్లే తూగుతుంది. తూచి 100 పోసినవాడు తెలియకుండానే 40 శాతం ఎక్కువ కూరాడన్నమాట. ట్రిపుల్ సెవెన్ ఇంకా ఘాటు, అదే గీత దాకా పోస్తే బ్లాక్ పౌడర్ కన్నా గట్టిగా తంతుంది, 15 శాతం తగ్గించుకోమని తయారుచేసినవాళ్లే చెప్తారు. ఇక ఆధునిక తూటాల్లోంచి తీసిన పొగలేని మందు, అది నలుపు రంగులో ఉన్నా సరే, సబ్‌స్టిట్యూట్ కాదు. పాత గొట్టంలో పోస్తే చీలిపోతుంది, చేతివేళ్లతో సహా.

శుభ్రం చేయడం సులువు అనే ప్రచారం మీదే నాకు ఎక్కువ అనుమానం. బ్లాక్ పౌడర్ కాలితే బరువులో సగానికి పైగా పొగ, మసి రూపంలో మిగిలిపోతుంది, కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. ఆ కంపు భరించలేకైనా అదే రోజు వేడినీళ్లతో కడుగుతారు. పైరోడెక్స్‌లో పొటాషియం పర్‌క్లోరేట్ ఉంటుంది, అది కాలాక పొటాషియం క్లోరైడ్ మిగుల్తుంది, ఉప్పుకి అన్నదమ్ముడు. నూనె గుడ్డతో తుడిస్తే ఉప్పు కరగదు, నీళ్లు కావాలి. రాత్రి గుడ్డ తెల్లగానే బయటికొచ్చిందని తుపాకీ గోడకి తగిలించి పడుకుంటారు, పొద్దున మళ్లీ ఓ గుడ్డ దూర్చి చూస్తే దాని మీద నారింజ రంగు చార. ట్రిపుల్ సెవెన్‌లో గంధకం లేదు కాబట్టి కంపూ లేదు, నీళ్లకి ఇట్టే పోతుంది, నిజమే. కానీ వాసన లేదు కదా, రేపు కడుగుదాంలే అనిపించేదీ అదే. పైగా మూత తీసిన సబ్‌స్టిట్యూట్ డబ్బాలు తేమ పీల్చి నీరసపడతాయి. పొడిగా దాచిన బ్లాక్ పౌడర్‌కి దశాబ్దాలు గడిచినా ఏమీ కాదు.

పెన్సిల్వేనియాలో 1974 నుంచి క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకీలకే ప్రత్యేకంగా జింకల వేట సీజన్ ఉంది. ఆ చలిలో, తడి మంచులో రాయి రవ్వలు రాల్చడమే గగనం. పళ్లెంలో పోయడానికి వాళ్లు ఎలాగూ అసలు మందు కొనాల్సిందే. ఇక ఇంకో డబ్బా మోసుకెళ్లి గొట్టంలో వేరే మందు పోయడం దేనికో నాకైతే అర్థం కాదు.