మేకల్లో నట్టలు: రక్తం రిపోర్టు కన్నా ముందు పెంటికలు చూడాలి

పోయిన వానాకాలం దేవరకొండ దగ్గర మా బాబాయి మందలో ఒక మేకకు దవడ కింద సంచిలా నీరు దిగింది. రక్తం తీసి టౌన్‌లో ల్యాబ్‌కు ఇచ్చారు. అల్బుమిన్ (రక్తంలో ఉండే ఒక ప్రోటీన్) తక్కువ, మొత్తం ప్రోటీన్ తక్కువ అని రిపోర్టు వచ్చింది. నట్టలేనని తేల్చి మందు తాగించారు. పెంటికలు పరీక్ష చేయించమని మాత్రం ఎవరూ అనలేదు. నాకు బాధ అక్కడే.

అల్బుమిన్ పడిపోవడానికి నట్టలు పెద్ద కారణమే. మేక నాలుగో పొట్టలో చేరే హీమాంకస్ నట్ట ఒక్కొక్కటి రోజుకు దాదాపు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. 20 కిలోల మేక ఒంట్లో ఉండేదే సుమారు లీటరున్నర రక్తం. కానీ ఎండాకాలంలో మేత లేక బక్కచిక్కినా, కార్జం దెబ్బతిన్నా అదే అంకె పడిపోతుంది. ఒంటికి ఎంత నష్టం జరిగిందో రక్తం చెబుతుంది, ఎవరు చేశారో చెప్పదు.

మన దగ్గర ఈ తేడా చాలా ముఖ్యం. సాగర్ ఎడమ కాలువ కింద నత్తలుండే వరి మళ్ల గట్ల మీద మేసే జీవాలకు కార్జపు జలగలు పట్టొచ్చు. వాటికీ దవడ కింద నీరు దిగుతుంది. నట్టలకు వాడే ఫెన్‌బెండజోల్‌తో ఆ జలగలు చావవు. జీజీటీ అనే ఎంజైమ్ పెరిగిందంటే కార్జం వైపు అనుమానించాలి. రక్త పరీక్ష నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటి చోటే.

మిగతాచోట్ల పెంటికలు కలిపిన చిక్కటి ఉప్పు నీళ్లు, మైక్రోస్కోప్ చాలు. నట్టల గుడ్లు పైకి తేలతాయి (జలగ గుడ్లు బరువు, వాటిని అడుగు మడ్డిలో వెతకాలి). ఈ పరీక్షకూ ఒక లోపముంది. నట్టలు కడుపులో చేరాక గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది, రక్తం మాత్రం అంతకుముందే పోతుంటుంది. అందుకే కాపరి కింది రెప్ప తిప్పి చూడటం మానొద్దు. లోపల తెల్లగా పాలిపోతే రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్‌ను పిలవాలి.

సర్కారు ఊరూరా ఉచితంగా నట్టల మందు తాగిస్తోంది, మంచిదే. ఆ రోజే మందకు పది మేకల పెంటికలు తీసి గుడ్లు లెక్కపెట్టాలి. రెండు వారాలకు మళ్లీ లెక్కపెట్టాలి. గుడ్లు 95 శాతమైనా తగ్గకపోతే ఆ మందలో ఆ మందు సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. డోసు తక్కువైందేమో చూసి, సరిపోయిందంటే మందే మార్చాలి.