సవరణ: వడదెబ్బ తగిలిన కుక్కకు తడి టవల్ కప్పొద్దు

కర్నూలు ఎండల గురించి మొన్న పెట్టిన పోస్టులో, వడదెబ్బ తగిలిన కుక్కకు తడి టవల్ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లమని రాశాను. అది తప్పు. ముందు చల్లబరచి, ఆ తర్వాతే బయల్దేరాలని ఇప్పటి పశువైద్య సూచనలు చెబుతున్నాయి.

కప్పిన టవల్ కాసేపటికే ఒంటి వేడికి వెచ్చబడి, లోపలి వేడిని బయటికి పోనివ్వదు. దాని బదులు నీడకు చేర్చి, మెడ నుంచి తోక దాకా, పొట్ట కింద, తొడల సందున మగ్గుతో ఆపకుండా నీళ్లు పోయండి. ముక్కులోకి, నోట్లోకి పోకూడదు. పక్కన ఫ్యాను తిరగాలి. గాలి లేకపోతే నీళ్ల పని సగమే. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు కాగి ఉంటాయి, చెయ్యి పెట్టి చూసుకోండి.

కుక్కకు ఆసనంలో థర్మామీటరు పెట్టి చూస్తే మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. వేడి 103.5కు దిగగానే నీళ్లు ఆపేయాలి, లేదంటే మరీ చల్లబడిపోతుంది. తేరుకున్నట్టే కనిపించినా డాక్టరుకు చూపించాల్సిందే. మూత్రపిండాలు దెబ్బతింటే ఒకటి రెండు రోజులకు గానీ బయటపడకపోవచ్చు.

ఇంకొకటి, ఆ పోస్టులోనే కుక్కను కడప బండల మీద పడుకోబెట్టమని కూడా రాశాను. అది నీడలోని వరండా సంగతి. మిద్దె మీద కాలే బండలు కాదు.