పట్టు లేదనడం ఒప్పుకోలేను

కుంగ్‌ఫూ మీద మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ "కుంగ్‌ఫూ అంటే దూరం నుంచి కొట్టడమే, దగ్గరి పట్టు థాయ్ బాక్సింగ్ సొత్తు" అన్న మాట మాత్రం తప్పండీ. షువాయ్‌జియావ్ అనే చైనా కుస్తీ నడిచేదే పట్టు మీద. మందపాటి గుడ్డతో కుట్టిన పొట్టి చేతుల కోటు, నడుముకు బెల్టు. కోటు చేతి అంచు ముందు ఎవరికి దొరికితే సగం ఆట వాళ్లదే. నేల మీద పెనుగులాట ఉండదు, ఎదుటివాణ్ని పడేసి తాను నిలబడాలి. చైనాలోని బావోడింగ్ ఊరి శైలిలో ఇది మరీ వేగంగా సాగుతుంది. ఆ ఊరి కుస్తీ గురువు చాంగ్ డోంగ్‌షెంగ్ (1908–1986) తైవాన్ వెళ్లాక పోలీసు కళాశాలలో నేర్పింది ఈ విద్యే.

గుద్దులు, తన్నులతో పాటు పడేయడం కూడా ఉండే సాండా అనే చైనా పోరు క్రీడను నేను మూడేళ్లు సాధన చేశాను. అమెచ్యూర్ పోటీల్లో మోకాలు, మోచేయి వాడకూడదు. పట్టుకున్నాక కొద్ది సెకన్లలో పడేయకపోతే రిఫరీ విడదీస్తాడు. అందుకే థాయ్ పట్టులా మెడ పట్టుకుని నిలకడగా పోరాడే వీలుండదు, తాకిన క్షణమే విసరాలి. ఓసారి నా కంటే బాగా తేలికైన కుర్రాడు నా తన్నును చంకలో ఇరికించుకుని, నేల మీదున్న నా రెండో కాలి వెనక తన పాదం అడ్డం పెట్టి తిప్పాడు. వీపు చాపకు తగిలేదాకా ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. తను నిలబడే ఉన్నాడు కాబట్టి 2 పాయింట్లు.

కుంగ్‌ఫూలోనే మరో రెండు శైలులైన వింగ్ చున్‌లో చీసావ్, తైజీలో తుయ్‌షో కూడా చేతులు ఆనించి చేసే సాధనలే. దయచేసి వీటి గురించి ఇంకో వ్యాసం రాయండి.